మంచాలు లేని దవాఖాన

మరిపెడ నుంచి వచ్చిన ఎర్రబస్సు దిగి సమ్మమ్మ రిక్షా ఎక్కింది. మట్టెవాడలో ఫలానా ఇల్లని చెప్పగానే రిక్షా అతని ముఖం మారింది. సందు మొదట్లోనే బండి ఆపేసి, అక్కణ్ణుంచి నడిచిపొమ్మన్నాడు. పొద్దున్నే ఆ ఇంటి ముందు బండి ఆపితే రోజంతా బేరం తగలదట. సమ్మమ్మ అతణ్ణీ అతణ్ణి కన్నవాళ్లనూ కలిపి తిట్టి, మూట చంకన పెట్టుకుని నడిచింది. అవి మిర్చి కల్లాల రోజులు. ఎండిన కాయల కుప్ప ముందు కూర్చుని తాలుకాయను ఒక పక్కకు, గట్టికాయను ఒక పక్కకు ఏరుతున్న మనిషి, తమ్ముడు కట్టయ్యను మరదలు ‘సచ్చేటోళ్ల దవాఖాన’లో పారేసిందని ఎవరో చెప్తే ఉన్నపళాన లేచి వచ్చింది.

అది పాత కాలపు పెంకుటిల్లు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. సమ్మమ్మ గడప మీద నిలబడి లోపలికి చూసింది. హాలు నిండా మనుషులు నేల మీదే ఉన్నారు. గోడ వారగా పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు. కిటికీ పక్కన కట్టయ్య. కళ్లు మూసుకుని, దుప్పటి మెడ దాకా కప్పుకుని, నేల మీద.

మనిషిని కిందికి దించారంటే దాని అర్థం సమ్మమ్మకు ఇంకొకరు చెప్పాలా? మంచం మీద ప్రాణం పోకూడదు. ఇక ఆఖరు అనుకున్నాక ఇద్దరు మనుషులు వచ్చి తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు పట్టి చాప మీదికి దించుతారు. తండ్రిని దించినప్పుడు కాళ్లవైపు పట్టింది తనే. మొగుణ్ణి దించినప్పుడు పట్టే ఓపిక లేక గోడకు ఒరిగి కూర్చుంది. ఇప్పుడు తమ్ముణ్ణి కూడా దించారు, తాను వచ్చేదాకానైనా ఆగకుండా దించారు.

మూట అక్కడే పడేసి, కట్టయ్య మీద పడి శోకం ఎత్తుకుంది. మరిపెడ చుట్టుపక్కల ఎవరు పోయినా సమ్మమ్మ వచ్చేదాకా ఏడుపు నిలదొక్కుకోదు. ఆమె గొంతెత్తితే పాలోళ్లు, పగోళ్లు కూడా ముక్కు చీదుతారు. తమ్ముడు పుట్టిన రోజు మంత్రసాని చేతి నుంచి తాను అందుకున్న సంగతి దగ్గర మొదలుపెట్టింది. వాడు బట్టల మిల్లులో పనికి చేరి మొదటి జీతంతో తనకు కొనిచ్చిన రవికె గుడ్డ దాకా వచ్చింది. “నా మొకమన్న సూడకుంట పోతివా తమ్మీ” అంటూ రెండు చేతులతో వాడి చెంపలు నిమిరింది.

“పోలేదక్కా. ఇంక ఉన్న” అన్నాడు కట్టయ్య. అని కళ్లు తెరిచి, వెంటనే గట్టిగా మూసుకున్నాడు. “నీ చేతులు పాడుగాను, కండ్లు మండుతానయే.”

మిర్చి ఏరిన చేతులవి. కడిగినా పోని ఘాటు. కట్టయ్య కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి, సమ్మమ్మ కళ్ల నుంచి అంతకుముందే కారుతున్నాయి. పక్క పరుపు మీద మొగిలమ్మ అనే ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. లోపలి నుంచి నడివయసు నర్సు ఒకామె తడిగుడ్డతో వచ్చి కట్టయ్య కళ్లు తుడిచి, సమ్మమ్మను జబ్బ పట్టి లేపింది. ఏడుపు తర్వాత చూసుకుందాం, ముందు చేతుల సంగతి చూడాలని చెప్పి, పెరట్లోకి తీసుకుపోయి, కొబ్బరినూనె పోసి తానే ఆ వేళ్లు ఒక్కొక్కటీ రుద్దింది. ఆమె పేరు సుల్తానా బేగం.

*

చేతులు చల్లబడ్డాయి కానీ సమ్మమ్మ చల్లబడలేదు. కట్టయ్య భార్య పూలమ్మ బీడీల చాట పక్కన పెట్టి వదినె కాళ్లకు మొక్కబోతే కాళ్లు వెనక్కి తీసుకుంది. మొగుణ్ణి సాకలేకపోతే కబురు చేయాల్సింది, తాను రాకపోయానా, మరిపెడలో ఇంత ఇల్లుండగా నలుగురిలో నేల మీద పడేస్తావా అని నిలదీసింది. పూలమ్మ చాట మళ్లీ ముందుకు లాక్కుంది. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టింది. ఆమెకు ఏడుపు వచ్చినప్పుడల్లా వేళ్లు ఇంకా వేగంగా కదులుతాయి.

ఆ సాయంత్రం డాక్టర్ రాజేశ్వర్ రావు వచ్చాడు. ఆ ఇల్లు ఆయన తండ్రి కట్టించింది. పెద్ద దవాఖానల్లో పనిచేసి రిటైరయ్యాక, ఇక మందు లేదు ఇంటికి తీసుకుపొమ్మని పంపేసిన రోగుల కోసం ఆ ఇంటిని విడిచిపెట్టాడు. ఆయనను సమ్మమ్మ నిలబెట్టి అడిగింది. సూది లేదు, గ్లూకోజు సీసా లేదు, పండుకోవడానికి మంచం లేదు, ఇదేం దవాఖాన అంది. ఆయన నవ్వి, నాలుగు రోజులుండి అన్నీ చూడమ్మా, చూసినాక నువ్వు ఏమంటే అదే అన్నాడు. మరి ఆమెకు కావలసింది అదే. బేస్తవారం తన కొడుకు యాకయ్య జీపు తీసుకుని వస్తాడని, ఆ లోపల ఈ ఇల్లు గట్టికాయో తాలుకాయో తేల్చేస్తానని, తాలైతే తమ్ముణ్ణి మరిపెడ తీసుకుపోతానని అందరికీ వినపడేట్టు చెప్పింది. కట్టయ్య ఆ మాట విని కిటికీ వైపు తిరిగాడు.

తేలడానికి ఆ పూటే ఒక సాక్ష్యం దొరికింది. రాత్రి భోజనంలో సుల్తానా కట్టయ్యకు మెత్తటి కిచిడీ పెట్టి, దాని మీద చింతపండు రసం పోసింది. ఏడాదిగా పసరు వైద్యుడి మాట మీద, సమ్మమ్మ ఆజ్ఞ మీద, కట్టయ్య నోట పులుపు పడలేదు, కారం పడలేదు. చప్పిడి అన్నం, చారెడు పాలు. పథ్యం తప్పితే మందు పనిచేయదని మరిపెడ నుంచి వచ్చిన ప్రతిసారీ పూలమ్మకు చెప్పి పోయింది. ఇప్పుడు కళ్లముందే పచ్చిపులుసు.

“పథ్యం ఇడిసిపెట్టినవంటే మనిషి మీద ఆశ ఇడిసిపెట్టినట్టే” అని సుల్తానా చేయి పట్టుకుంది సమ్మమ్మ.

“నేను ఇడిసిపెట్టింది పథ్యమే అవ్వా, మనిషిని గాదు” అంది సుల్తానా, చేయి విడిపించుకోకుండానే. “మందు ఉన్నప్పుడు పథ్యం. ఇప్పుడు ఆయన నాలికె ఏదడిగితే అదే మందు.”

కట్టయ్య రెండు ముద్దలకు మించి తినలేకపోయాడు. కడుపులో గడ్డ తిననివ్వదు. మూడో ముద్దను మింగకుండా చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. సమ్మమ్మ అటు తిరిగి కూర్చుంది. అది తాలు కిందే లెక్క అనుకుంది.

*

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. సమ్మమ్మకు కుండంతా తడిమితే గాని నమ్మకం కుదరదు. మర్నాడు తెల్లారగానే పనిలోకి దిగింది. తాగే నీళ్ల కాగులో చేయి పెట్టి అడుగున పాకుడుందేమో చూసింది. ఉతికిన దుప్పట్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. వంటింట్లో బియ్యం జల్లెడ పట్టింది. ఊడ్చిన మూలల్లో మళ్లీ చీపురు పెట్టింది. రోగులను ఎట్లా చూస్తున్నారని అడిగితే అందరూ మంచిగనే అన్నారు. పెండ్లిచూపుల్లో పిల్ల గుణం అడిగితే ఎవరు చెడ్డదంటారు? అందుకని మొగిలమ్మ దగ్గర కూర్చుని, దుప్పటి జర ఎత్తుతా ఏమనుకోకు అని వీపు చూసింది. తన మొగుడు మంచాన పడ్డప్పుడు వీపంతా పుండ్లు పడి ఈగలు ముసిరాయి. ఇంటిల్లిపాదీ చేతనైంది చేసినా ఆపలేకపోయారు. మొగిలమ్మ వీపు శుభ్రంగా ఉంది. ఇంకో ముసలాయన వీపు చూసింది, అదీ శుభ్రంగానే ఉంది. అది ఎట్లాగో ఆ పూట తెలిసింది. సుల్తానా, ఒక ఆయా కలిసి ఒక్కో మనిషినీ పక్కకు ఒత్తిగిల్లించి, వేడినీళ్ల గుడ్డతో తుడిచి, పొడి చేసి, మోకాళ్ల మధ్య మెత్త పెట్టి మళ్లీ పడుకోబెడుతున్నారు. ఈ చివర నుంచి మొదలుపెట్టి ఆ చివరికి పోయేసరికి ఈ చివరి మనిషికి మళ్లీ వేళవుతుంది. సుల్తానా నోట్లో జర్దా పాన్, నోటి నిండా తిట్లు. ఆయాను తిడుతుంది, రాని చాకలిని తిడుతుంది, మూలుగుతున్న నడుమును తిడుతుంది. చేతులు మాత్రం ఎవరినీ తిట్టవు.

తప్పులూ దొరికాయి. పప్పు నీళ్లలా ఉంది. వెనక అర్రలో పెంకులు జారి ఎండ సూటిగా ఒక రోగి ముఖం మీద పడుతోంది. ఆయా మధ్యాహ్నం గుంజకు ఆనుకుని కునుకు తీస్తోంది. సమ్మమ్మ ఇవన్నీ సుల్తానాకు అప్పగించింది. పప్పు సంగతి నిజమే అంది సుల్తానా, పెంకుల సంగతి డాక్టరుకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిందంది. ఆయా మాత్రం నిద్రపోనీ, రాత్రి మేలుకునేది ఆమేనంది. సమ్మమ్మకు కొట్లాట దొరకలేదు.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. నిన్నటి నుంచి తమ్ముడు ఒక్కసారి కూడా అరవలేదు. దసరాకు చూడటానికి వచ్చినప్పుడు వాడి అరుపు వాడకట్టు మొదలుకే వినిపించింది. పూలమ్మ చెవుల్లో కొంగు కుక్కుకుని బీడీలు చుట్టింది. ఇప్పుడు సుల్తానా చిన్న గిన్నెలో మందు పోసి తాగిస్తుంటే నొప్పి లేనప్పుడు ఎందుకని అడిగింది.

“నొప్పి వచ్చినంక తాపితే దాని ఎన్కాల ఉరుకాలె అవ్వా. ముందుగాలనే తాపితే అది గడప బయట్నే నిలవడ్తది” అంది సుల్తానా.

మిల్లు సైరన్ కూసింది. కట్టయ్య కుడికాలు దుప్పటి కింద కొద్దిగా కదిలింది, షిఫ్టుకు లేవబోతున్నట్టు. సమ్మమ్మ ఆ కాలు పట్టుకుని ఒత్తింది. చేతుల ఘాటు ఇప్పుడు పోయింది. వాడు హాయిగా మూలిగాడు.

పొద్దు వాలుతుండగా పూలమ్మ ఆకు కోసం బజారుకు పోయింది. ఆమె లేని సమయం చూసి కట్టయ్య అక్కను దగ్గరికి రమ్మన్నాడు. పూలమ్మను ఏమీ అనవద్దని బతిమాలాడు. తనను ఇంట్లో నుంచి తీసుకుపొమ్మన్నది పూలమ్మ కాదు, ఇంటి ఓనరు వెంకట్రాజం. కిరాయి ఇంట్లో ప్రాణం పోతే, నక్షత్రం మంచిది కాకపోతే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాలని, పంతులును అడిగితే ఆయనా అదే అన్నాడని, చేతులు జోడించి మరీ చెప్పాడట. ఈ మాట అక్కకు తెలిస్తే వెంకట్రాజం గుమ్మంలో నిలబడి వాడకట్టంతా లేపుతుందని తానే పూలమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. సమ్మమ్మ నిజంగానే లేచి కొంగు బిగించింది. కట్టయ్య కొంగు చివర పట్టుకున్నాడు.

“మరిపెడకు పోదాం తమ్మీ. కొత్త నులక మంచం ఏయిస్త. రాజా లెక్క పండుకుందువు గాని.”

“మంచం వద్దక్కా.”

“కింద పండుకునే కర్మ నీకేందిరా?”

కట్టయ్య మాటలు కూడదీసుకున్నాడు. “ఇంట్ల మంచం మీద ఉన్నన్ని దినాలు నాకు నిద్ర లేదక్కా. ఎవలన్న ఇద్దరు మనుషులు కలిసి లోపటికొస్తే, దించనీకె వస్తాన్రని గుండె దడదడ కొట్టుకునేది. మంచి చెడ్డ అడిగి మందలియ్యనీకె వచ్చినోళ్లను సూసి గుడ మంచం పట్టె గట్టిగ పట్టుకునేటోన్ని. ఈడ ఎవ్వల్నీ దించరు. వచ్చిన దినాన్నే కిందున్నం. ఇంక దించేది లేదు. ఇద్దరొచ్చినా, నలుగురొచ్చినా, నాకు నీళ్లియ్యనీకె వస్తాన్రు, పక్కకు తిప్పనీకె వస్తాన్రు. అంతే.”

సమ్మమ్మ కూర్చుండిపోయింది. తండ్రిని దించేటప్పుడు ఆయన చేతులు మంచం పట్టెను వదలకపోతే, ప్రాణం మీద ఆశ పోలేదని అందరూ అనుకున్నారు. ఒక్కో వేలూ తానే విడదీసింది. ఆయనకు అప్పుడు తెలివి ఉందని, భయమేసిందని ఆమెకు ఇన్నేళ్లకు తోచింది.

తర్వాత పెరట్లో సుల్తానాను అడిగితే, మొదట్లో ఇక్కడా మంచాలే ఉండేవని చెప్పింది. చుట్టాలు వచ్చి రోగిని దించుతుంటే, పక్క మంచాల మీద వాళ్లందరూ చూసేవాళ్లు. ఒకరిని దించిన రోజు ఇంకెవరూ అన్నం ముట్టేవాళ్లు కాదు. మీ రివాజు తప్పని చెప్పడానికి డాక్టరుకు నోరు రాలేదు, తనకూ రాలేదు. అందుకని మంచాలే తీసేశారు. వంగి వంగి తన నడుము పడిపోయిందని, అయినా సరేనని, సుల్తానా పాన్ ఉమ్మేసి లోపలికి పోయింది. సమ్మమ్మకు ఆ నడుముకు దండం పెట్టాలనిపించింది. పుట్టి ఇన్నేళ్లలో ఎవరికీ అట్లాంటి మాట చెప్పి ఎరగదు కాబట్టి, పెరట్లో ఉన్న అంట్లన్నీ ముందేసుకుని తోమింది.

*

బుధవారం నాడు పచ్చిపులుసు సమ్మమ్మే చేసింది. సుల్తానా ఖట్టా అని చేసే పులుసులో పచ్చిమిరపకాయ కాల్చి నలపడం లేదని, పులుసుకు ప్రాణం అక్కడే ఉందని ఇద్దరికీ వంటింట్లో పెద్ద వాదన జరిగింది. సుల్తానా కొత్తిమీర ఎక్కువ వేయాలంది. సమ్మమ్మ ఉల్లిగడ్డ పిసకాలంది. ఆఖరికి రెండూ వేశారు. కట్టయ్య ఒక చెంచాడు నోట్లో పోసుకుని కళ్లు మూసుకుని, మన అవ్వ చేసినట్టుంది అన్నాడు. ఏడాది పాటు వాడికి చప్పిడి కూడు తినిపించమన్నది సమ్మమ్మే. పూలమ్మను పిలిచి, ఆమె కంచంలోనూ పులుసు పోసి, తిను బిడ్డా అంది. పూలమ్మ వేళ్లు ఆ పూట మెల్లగా కదిలాయి.

బేస్తవారం పొద్దు ఎక్కాక యాకయ్య జీపుతో వచ్చాడు. జీపు సందు మొదట్లోనే ఆగింది. ఈ డ్రైవరుకూ అదే భయం. మేనమామను చూసి యాకయ్య కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తల్లిని అరుగు మీదికి పిలిచి, అన్నీ సిద్ధం చేశానని చెప్పాడు. అప్పటికి సమ్మమ్మ మనసు ఇటు సగం, అటు సగం ఉంది. ఇల్లు గట్టిదే. కానీ తోడబుట్టినవాడు తన ఇంట్లో కాకుండా నలుగురి మధ్య పోతే మరిపెడలో ఏమంటారు? తనకే తల ఎట్లా ఎత్తబుద్ధవుతుంది?

“మామను ఏడ పండవెడ్తన్నవ్‌రా?” అని అడిగింది.

“కొట్టం ఊడ్పిచ్చిన అవ్వా. సున్నం గుడ ఏయించిన. ఎడ్లను బయట కట్టేసినం.”

“ఇంట్ల అంత పెద్ద అర్ర ఉండంగ కొట్టమేందిరా?”

యాకయ్య నేల చూశాడు. “నీ కోడలు నీళ్లాడే దినాలాయె. ఇంట్ల ఏమన్న అయితే ఎట్ల? పంతులును గుడ అడిగిన. వద్దన్నడు.”

వెంకట్రాజం అన్న మాటే. పంతులుతో సహా. సమ్మమ్మకు కోపం రావాల్సింది, రాలేదు. కోడలు నెలలు నిండి ఉంది. తానే ఇంట్లో ఉంటే తానే కొట్టం ఊడ్పించేది, తానే ఎడ్లను బయట కట్టించేది. వెంకట్రాజాన్ని నోరారా తిట్టడానికి దాచుకున్న తిట్లన్నీ నోట్లోనే ఇంకిపోయాయి. మట్టెవాడలో గాని మరిపెడలో గాని, పోయే మనిషికి ఇంట్లో చోటు పెట్టిన ఇల్లు ఇదొక్కటే. ఇక్కడ తన తమ్ముడికి కిటికీ పక్కన చోటు ఇచ్చారు.

“జీపు మలుపుకపో. మామ ఈన్నే ఉంటడు” అంది.

యాకయ్య నొచ్చుకున్నాడు. ఊళ్లో నలుగురు ఏమనుకుంటారన్నాడు. ఏమనుకున్నా వాళ్ల వంతూ వస్తుంది, అప్పుడు ఏమనుకుంటారో చూద్దాం అంది సమ్మమ్మ. మామ కోసం జీపులో వేసుకొచ్చిన మంచం దించవద్దని, మళ్లీ వచ్చేటప్పుడు కల్లంలో గట్టికాయ ఒక బస్తా ఈ ఇంటికి తెమ్మని చెప్పి పంపింది. లోపలికి వస్తే కట్టయ్య గడప వైపే చూస్తున్నాడు. జీపు చప్పుడు విన్నాడు.

“పోవుడేనా అక్కా?”

“ఏడికి పోతం? నేను గుడ ఈన్నే ఉంట.”

కట్టయ్య దుప్పటిలో నుంచి చేయి బయటికి తీసి, అక్క చేతి మీద పెట్టి, అట్లాగే నిద్రపోయాడు. సమ్మమ్మ ఆ చేయి కదిలించకుండా మధ్యాహ్నం దాకా కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కినా ఆమెకు ఆ పూట ఎంతో నిమ్మళంగా అనిపించింది.

*

ఆదివారం పొద్దున ఎండ కిటికీలో నుంచి పరుపు మీదికి వచ్చాక, సుల్తానా కట్టయ్య నాడి చూసింది. పూలమ్మ దగ్గరికి పోయి, చాట పక్కన పెట్టు బిడ్డా, వచ్చి ఆయన దగ్గర కూసో అంది. పూలమ్మ ఒక పక్క, సమ్మమ్మ ఒక పక్క కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ ఎక్కణ్ణుంచీ దించలేదు. కట్టయ్యకు భయపడటానికి ఏమీ కనబడలేదు. ఊపిరి ఒకటి పోయింది, ఇంకోటి రాలేదు. పూలమ్మ కాసేపు అది నిద్రే అనుకుంది.

సమ్మమ్మకు శోకం గొంతు దాకా వచ్చింది. చుట్టూ పరుపుల మీద మనుషులు చూస్తున్నారు. వాళ్లు భయపడతారని కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు మొగిలమ్మ పక్క పరుపు మీద నుంచి చేయి చాచి ఆమె చీర పట్టి లాగింది.

“ఆపుకోకు అక్కా. మంచిగ ఏడ్వు. నాకు ఏడ్సేటోళ్లు లేరు, జర నా పాలు గుడ ఏడ్వు.”

సమ్మమ్మ ఏడ్చింది. కట్టయ్య కోసం ఏడ్చింది, మధ్యలో మొగిలమ్మ పేరూ కలిపింది. ముసలామె ఆ పాట అంతా శ్రద్ధగా విని, బాగుందన్నట్టు తల ఊపింది.

పిల్లలు లేని కట్టయ్యకు యాకయ్యే కొరివి పెట్టాడు. డాక్టర్ రాజేశ్వర్ రావు పాడె వెనక నడిచాడు. మర్నాడు సమ్మమ్మ పూలమ్మను తీసుకుని, మూట సర్దుకుందామని ఆ ఇంటికి వచ్చింది. పూలమ్మ కొన్నాళ్లు మరిపెడలోనే ఉంటుంది. కిటికీ పక్క పరుపు మీద అప్పటికే ఇంకొకరు పడుకుని ఉన్నారు, ఆయన వీపు కింద సుల్తానా మెత్త సర్దుతోంది. సమ్మమ్మ ఆ పని అయ్యేదాకా ఆగింది. చెప్పాల్సింది చాలా ఉంది. ఇన్ని రోజులు తడిమి చూసి తేల్చింది చెప్పాలి. ఏ మాటతో చెప్పాలో తెలియలేదు.

చావు జరిగిన చోటు నుంచి పోయేవాళ్లు పోతున్నామని చెప్పరు. పోయొస్తం అని అసలే అనరు. అంటే మళ్లీ అలాంటి పని మీదే రావాల్సి వస్తుందని భయం. అందుకే ఆ ఇంటి నుంచి ఇన్నేళ్లూ మనుషులు తల దించుకుని, వెనక్కి చూడకుండా గడప దిగిపోయారు. సుల్తానా సేవ చేసిన ఇన్ని వందల మందిలో ఒక్కరి చుట్టాలూ ఆమెకు చెప్పి పోలేదు. ఆమె కూడా ఎవరినీ సాగనంపడానికి గడప దాకా వచ్చేది కాదు. ఆ రివాజు ఆమెకూ అలవాటైపోయింది.

పూలమ్మ తల వంచుకుని ముందు దిగింది. సమ్మమ్మ గడప దాటి, ఆగి, వెనక్కి తిరిగింది. రోగులందరూ చూస్తుండగా గట్టిగా అంది.

“పోయొస్త బిడ్డా.”

సుల్తానా చేతిలో మెత్త అట్లాగే ఉండిపోయింది. పూలమ్మ కంగారుగా వదినె చేయి పట్టుకుంది. సుల్తానా లేచి నడుము పట్టుకుని గడప దాకా వచ్చింది.

“అట్లనొద్దవ్వా. ఈ ఇంట్ల ఆ మాట ఎవ్వలనరు.”

“ఎరుకనే. ఎరుకయ్యే అంటాన్న.” సమ్మమ్మ మూట భుజానికి ఎత్తుకుంది. “నా దినం వచ్చినప్పుడు యాకయ్య కొట్టం ఊడ్పకముందే ఈడికొస్త. ఆ కిటికి పక్కపొంటి జాగ ఇయ్యి.”

సుల్తానా జర్దా నమలడం మరిచిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఇన్నేళ్లలో ఆ గడపలో ఎవరికీ చెప్పని జవాబు చెప్పింది.

“పోయిరా అవ్వా. జర నిమ్మలంగ రా, తొందరేం లేదు.”